అదే ఓడలో రెండో వారం

"క్రూయిజ్‌కి వెళ్ళొచ్చామండీ" అంటే ఈ రోజుల్లో ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మన అసోసియేషన్‌లో ఒక్కసారైనా క్రూయిజ్ ఎక్కని కుటుంబం ఉందంటే నేను నమ్మను. "రెండు వారాలు వెళ్ళాం" అంటే, "మీకేమండీ, రిటైరయ్యారు!" అంటారు. అంతవరకూ బాగానే ఉంటుంది. "ఒక వారం ట్రిప్పు అయిపోయాక, అదే షిప్పులో, అదే గదిలో ఉండిపోయి రెండో వారం ట్రిప్పు కూడా చేసేశాం" అని చెప్పి చూడండి. పాపం ఈయన టిక్కెట్టు రెండుసార్లు కొనేసినట్టున్నాడు అన్న చూపు ఒకటి మీ మీద పడుతుంది. సంక్రాంతి పాట్‌లక్‌లో మా ప్రయాణం సంగతి బయటపెట్టిన దగ్గర్నుంచీ ఆ చూపు నాకు అలవాటైపోయింది. వెళ్ళొచ్చాక కూడా అడుగుతూనే ఉన్నారు కనక, విడివిడిగా అందరికీ ఫోన్లో చెప్పే బదులు ఈ ఉగాది సంచికలో నా పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను.

దీన్ని 'బ్యాక్ టు బ్యాక్' అంటారు. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. ఫ్లోరిడా నుంచి బయల్దేరే పెద్ద షిప్పులు చాలావరకు ఒక వారం కరీబియన్‌కి తూర్పువైపు, మరో వారం పడమటివైపు తిరుగుతూ ఉంటాయి. మొదటి వారం సాన్ హువాన్, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్. రెండో వారం కోజుమెల్, గ్రాండ్ కేమన్, జమైకా. మధ్యలో శనివారం పొద్దున్న ఫోర్ట్ లాడర్‌డేల్ రేవుకి వచ్చి, పాతవాళ్ళని దింపి, కొత్తవాళ్ళని ఎక్కించుకుని సాయంత్రానికి మళ్ళీ బయల్దేరుతుంది. రెండు టిక్కెట్లూ కొన్నవాళ్ళు షిప్పులోనే ఉండిపోతారు. 'ఉండిపోతారు' అన్నాను గానీ, అమెరికా ప్రభుత్వం వారు అలా ఉండిపోనివ్వరు. ఆ కథ తరవాత చెబుతాను.

ముందు అసలు ఎందుకు వెళ్ళామో చెప్పాలి.

మా అమ్మ చివరి ఆరేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. అందులో నాలుగేళ్ళు మతిమరుపు జబ్బు. మీలో చాలామందికి తెలిసిన సంగతే. దీపావళి ఫంక్షన్లకి నేనొక్కణ్ణే వచ్చి, రెండు ప్లేట్లు పొట్లం కట్టించుకుని పరిగెత్తడం మీరంతా చూశారు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మకి ఒక మాత్ర వెయ్యాలి. ఒక్కోరోజు అర్ధరాత్రి లేచి, కాకినాడ వెళ్ళిపోతానని చెప్పుల కోసం వెతుక్కునేది. ఆవిణ్ణి నచ్చజెప్పి తీసుకొచ్చి పడుకోబెట్టడం మా ఆవిడకే చేతనయ్యేది. నేను వెళితే, "ఎవరు బాబూ నువ్వు?" అనేది. సంవత్సరీకాలు అయిపోయాక పిల్లలిద్దరూ ఫోను మీద ఫోను చేసి, అమ్మని ఎక్కడికైనా తీసుకెళ్ళండి డాడీ అని గొడవ. నేను ఇంజనీరుని కదా, వెంటనే స్ప్రెడ్‌షీటు తెరిచాను. యూరప్ బస్సు టూరు: 14 రోజులు, 11 ఊళ్ళు, రోజూ ఆరింటికల్లా సూట్‌కేసు గది బయట పెట్టాలి. మా ఆవిడ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసేసింది. "నాకు చూడ్డానికేం వద్దండీ. వంట చెయ్యక్కర్లేని చోట, సామాను సర్దక్కర్లేని చోట, రెండు వారాలు ఊరికే కూర్చోబెట్టండి" అంది.

ఈ షరతులన్నిటికీ సరిపోయేది ఒకే షిప్పులో రెండు వారాలు. వేరే షిప్పయితే మళ్ళీ సర్దుడు, మళ్ళీ భోజనాల హాలు ఎక్కడో వెతుక్కోవడం. ఇందులో విమానం ఛార్జీ ఒక్కసారే, బయల్దేరే ముందురోజు హోటలూ ఒక్కసారే. రెండోవారం టిక్కెట్టు చవగ్గా ఇస్తారేమో అని ఆశపడకండి. సాధారణంగా రెండూ వేరువేరు బుకింగులు, వేరువేరు ధరలు. చెయ్యాల్సిందల్లా తొందరగా బుక్ చేసి రెండు వారాలకీ ఒకే గది పట్టుకోవడం. మాకు ఎనిమిదో అంతస్తులో దొరికింది. దొరక్కపోయినా పెద్ద ఇబ్బంది లేదు, హ్యాంగర్లకి వేలాడే బట్టలు వేలాడుతున్నట్టుగానే గది చూసే కుర్రాడు కొత్త గదికి చేరుస్తాడు. కానీ మా ఆవిడ షరతు గుర్తుందిగా.

ఇక్కడ ఒక తమాషా చట్టం గురించి చెప్పాలి. 1886లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికన్ రేవులో మనిషిని ఎక్కించుకుని మరో అమెరికన్ రేవులో దింపకూడదు, మధ్యలో దూరదేశపు రేవు ఒకటి తగిలితే తప్ప. తమ ఓడల వ్యాపారాన్ని కాపాడుకోవడానికి చేసుకున్నది. ఇప్పుడు మనం ఎక్కే క్రూయిజ్ షిప్పుల మీద ఎగిరేవన్నీ దాదాపుగా బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా జెండాలే కాబట్టి, ఆ పాత చట్టం ఇప్పటికీ మన మెడకి తగులుతుంది. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే మా బోటివాళ్ళకి మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తగిలితే చాలు. చిక్కల్లా అలాస్కా వెళ్ళేవాళ్ళకి. లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్‌కి ఒక ట్రిప్పు, అదే షిప్పులో వాంకూవర్ నుంచి అలాస్కాలోని సీవర్డ్‌కి మరో ట్రిప్పు ఉన్నాయనుకోండి. విడివిడిగా రెండూ చట్టబద్ధమే. రెండూ కలిపి కొన్నారో, చట్టం లెక్కలో మీరు లాస్ ఏంజెలెస్‌లో ఎక్కి సీవర్డ్‌లో దిగినట్టు. కెనడా దూరదేశం కాదు కాబట్టి నేరం. మనిషికి ఎనిమిది వందల డాలర్ల పైన జరిమానా, కంపెనీ దాన్ని మీ లెక్కలోనే వేస్తుంది. అంచేత అలాంటివి కలిపి కొనేముందు ఏజెంటుని నిలదీసి అడగండి.

ఫిబ్రవరిలో బయల్దేరాం. మొదటి వారం గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు, అందరూ చేసేదే మేమూ చేశాం. సాన్ హువాన్‌లో స్పానిష్ వాళ్ళు 1539లో మొదలుపెట్టిన ఎల్ మోరో కోట చూశాం. సెయింట్ థామస్, దాని పక్క దీవులు అమెరికా వాళ్ళు డెన్మార్క్ దగ్గర 1917లో రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కున్నవి. అక్కడా, సెయింట్ మార్టెన్‌లోనూ నగల కొట్లలోకి తొంగి చూస్తే లోపల మన సింధీలే. "ఆయియే, భాభీజీ" అని పిలిస్తే మా ఆవిడ కొనకుండా వచ్చేసింది. అది నాకు సంతోషమే అయినా, కొనాలన్న సరదా కూడా లేకపోవడం కొంచెం బెంగగానే అనిపించింది. రాత్రిళ్ళు నిద్రపట్టక బాల్కనీలో కూర్చునేది. పట్టినా సరిగ్గా నాలుగింటికి లేచిపోయేది. లేచి, దుప్పటి తీసి, రెండడుగులు వేశాక, ఇక్కడ మాత్ర వెయ్యాల్సినవాళ్ళు ఎవరూ లేరని గుర్తొచ్చి నిలబడిపోయేది. ఏడు రాత్రులూ అంతే. మా టిక్కెట్టు ఒక వారానిదే అయితే, అలసట తీరకుండానే ఇల్లు చేరేవాళ్ళం.

మా అమ్మ బతికుంటే అసలు షిప్పు ఎక్కనిచ్చేదే కాదు. వాళ్ళ నాన్న రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరులో డెక్కు టిక్కెట్టు మీద వెళ్ళేవాడట. డెక్కు అంటే మనం జ్యూసు తాగే డెక్కు కాదు సుమండీ. బొగ్గు మసి, ఎండ, వాన, మూటలు, వాటి మధ్యే మనుషులు. మన తీరం నుంచి వెళ్ళిన వాళ్ళందరినీ బర్మాలో 'కొరంగీలు' అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడకముందే వచ్చేశాడు కనక మా తాత నడిచి రావాల్సిన అవసరం రాలేదు. ఓడ అంటే మా అమ్మకి తండ్రి లేని ఇల్లు. సరే, ఎక్కడికో వెళ్ళిపోతున్నాను.

శనివారానికి వద్దాం. షిప్పు వాళ్ళ భాషలో అది 'టర్న్ అరౌండ్ డే'. మామూలు ప్రయాణికుడికి అది లైన్లో నిలబడి, సామాను వెతుక్కుని, విమానం అందుతుందో లేదో అని హడావిడిపడే రోజు. మాకేమో ముందురోజు రాత్రే గదిలో ఒక ఉత్తరం పెట్టారు: పొద్దున్న పదింటికి ఫలానా లాంజిలో కూర్చోండి, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు తెచ్చుకోండి అని. వెళితే మాలాంటివాళ్ళు అరవైమంది దాకా ఉన్నారు. అందరికీ కొత్త గది కార్డులు, 'ఇన్ ట్రాన్సిట్' అని రాసిన చీటీలు ఇచ్చారు. పాత లెక్క మూసేసి కొత్త లెక్క తెరిచారు. తరవాత మమ్మల్ని స్కూలు పిల్లల్లా వరసగా నడిపించి షిప్పు దింపేశారు. కారణమేమిటంటే, అమెరికా రేవుల్లో కస్టమ్స్ వాళ్ళకి ఓడ ఒక్కసారి పూర్తిగా ఖాళీ కావాలి. ప్రయాణికుల లెక్క సున్నా చూపించాకే కొత్తవాళ్ళని ఎక్కనిస్తారు. ఎవరో ఒకాయన బాత్రూంలో ఉండిపోతే మూడువేలమంది ఆగాల్సిందే. మా శనివారం ఒక పెద్దావిడ కనబడక, ఆవిడ పేరు మైకులో ఆరుసార్లు పిలిచారు.

టెర్మినల్‌లో ఆఫీసరు ముఖం చూసి కార్డు చూసి పంపించేశాడు. అరగంట కూర్చున్నాం. సున్నా వచ్చింది. అందరికంటే ముందు మమ్మల్ని మళ్ళీ ఎక్కించారు.

మూడువేలమంది తిరిగే ఓడలో అరవైమంది! ఈత కొలనులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. లిఫ్టు పిలవగానే వచ్చింది. ఇదంతా బ్రహ్మాండంగా ఉంటుందని ముందే వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు, నిజమే. కానీ నేను చూస్తూ నిలబడింది వేరే సంగతి. ఖాళీ ఓడలో ఎవరూ ఖాళీగా లేరు. ప్రతి వరండాలోనూ దుప్పట్ల గుట్టలు. ఒక్కో కుర్రాడు పదిహేను, పదహారు గదులు, మూడు నాలుగు గంటల్లో, పక్కలు మార్చి, బాత్రూములు కడిగి, మళ్ళీ ఎవరూ ఉండనట్టే తయారుచెయ్యాలి. కింద రేవులో ఫోర్కులిఫ్టులు వారం రోజుల కూరగాయలు, పాలు, గుడ్లు లోపలికి తోస్తున్నాయి. ఇనప బోనుల్లో వేల సూట్‌కేసులు కొన్ని దిగుతున్నాయి, కొన్ని ఎక్కుతున్నాయి. వారమంతా మనకి చిరునవ్వు తప్ప ఇంకేమీ కనబడనివ్వనివాళ్ళ ముఖాల్లో ఆ ఒక్క మూడుగంటలూ నవ్వడానికి తీరిక లేదు.

తొమ్మిదింటికి మూసిన బఫే హాలు మాకోసం ఒక మూల తెరిచారు. అక్కడ కాఫీ పోస్తున్న కుర్రాడు, మొదటి వారమంతా "నమస్తే సార్" అని మాత్రం అన్నవాడు, మా మాటలు విని, "మీరు తెలుగోళ్ళా అండీ?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా. మా ఆవిడ ముఖంలో ఆ వారంలో మొదటిసారి కుతూహలం చూశాను. ఊరు, ఇంటిపేరు, అమ్మానాన్నా, అన్నీ రెండు నిమిషాల్లో లాగేసింది. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఆగస్టులో ఎక్కాడు. పాప పుట్టి నాలుగు నెలలు, ఫోనులోనే చూశాడు.

"మేం దిగట్లేదు బాబూ, ఇంకో వారం ఉంటున్నాం, మాది రెండో వారం" అంది మా ఆవిడ.

"నాకిది ఇరవయ్యారోదమ్మా" అన్నాడు.

వాడు ఎగతాళిగా అనలేదు, లెక్క చెప్పాడంతే. బ్యాక్ టు బ్యాక్ అని మేం గొప్పగా చెప్పుకునేది వాడికి ఉద్యోగం. నౌకా కార్మికుల కోసం 2006లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి జరిగింది, 2013 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రోజుకి కనీసం పది గంటలు, వారానికి డెబ్భై ఏడు గంటలు విశ్రాంతి ఇవ్వాలి. మిగిలిన గంటలు మీరే లెక్క వేసుకోండి. ఆదివారం సెలవన్న మాట లేదు. శనివారం రేవులో ఉన్నా అందరూ దిగడానికి వీల్లేదు. ప్రమాదం వస్తే చూసుకోవడానికి కొంతమంది వంతులవారీగా ఓడలో ఉండి తీరాలి. వాడి వంతు కాని శనివారం అరగంట దొరికితే టెర్మినల్ దగ్గర నిలబడి ఇంటికి ఫోను. మనకి మధ్యాహ్నం పన్నెండంటే అక్కడ రాత్రి పదిన్నర, పాప నిద్రపోతూ ఉంటుంది. షిప్పులో ఇంటర్నెట్ లేదా అంటే ఉంది, డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

సాయంత్రం మళ్ళీ ప్రమాద శిక్షణ. కిందటి శనివారమే చేశాంగా అంటే కుదరదు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కంకార్డియా బండరాయికి గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. అదేరోజు ఎక్కిన కొన్ని వందలమందికి అప్పటికి శిక్షణే జరగలేదు, మర్నాడు చేద్దామనుకున్నారు. ఆ తరవాత రూలు మార్చి, ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరగాలన్నారు. ప్రతి ప్రయాణానికీ కొత్తగా. మా ఆవిడ మాత్రం ఈసారి లైఫ్ జాకెట్టు ఎక్కడుంటుందో పక్కింటి కొత్త దంపతులకి చూపించింది, ఓడ తనదే అన్నట్టు.

అదుగో, రెండో వారం అంటే అదీ. ఏ లిఫ్టు ఎటు పోతుందో తెలుసు. ఏ రేవులోనూ దిగి తీరాలన్న తొందర లేదు. కోజుమెల్‌లో అందరూ దిగిపోతే మేం డెక్కు మీద కూర్చుని చదువుకున్నాం. పాటల ప్రోగ్రాములు అవే, చూడక్కర్లేదు. జోకులు చెప్పేవాడు మాత్రం మారాడు, పాతవాడే నయం. భోజనాల మెనూ కూడా అదే తిరిగొచ్చింది. శాకాహారులం కనక ముందురోజు రాత్రే హెడ్ వెయిటరుకి చెప్పుకుంటే మర్నాటికి ఏదో ఒక ఇండియన్ వంటకం చేసేవారు. మొదటి వారమంతా దాల్, పనీర్, పనీర్, దాల్. రెండో వారంలో మన శ్రీకాకుళం అబ్బాయి గోవా వంటవాడికి ఏం చెప్పాడో గానీ, బుధవారం రాత్రి టొమాటో పప్పు, ఎండుమిరపకాయల పోపుతో సహా బల్ల మీదకొచ్చింది. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు. మళ్ళీ వడ్డించుకుంది.

ఆ మర్నాడు గురువారం, సముద్రం మీదే ఉన్న రోజు. నేను ఆరింటికి లేచి చూస్తే ఆవిడ నిద్రపోతోంది. కాఫీ తాగి వచ్చాను, నిద్రపోతోంది. గది సర్దే అబ్బాయి తలుపు తడితే నేనే గబగబా వెళ్ళి వద్దన్నాను. ఎనిమిదిన్నరయింది. ఏమైనా అయిందేమో అని భయమేసి, దగ్గరకెళ్ళి ఊపిరి చూశాను కూడా. తొమ్మిదింటికి కళ్ళు తెరిచి, "టైమెంతయిందండీ?" అంది. చెప్పాను. "నాలుగింటికి లేవలేదే నేను!" అంది. మళ్ళీ అటు తిరిగి పడుకుంది.

వెళదామనుకునేవాళ్ళకి మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. మందులు 14 రోజులకి కాక 20 రోజులకి పెట్టుకోండి, చేతి సంచీలోనే ఉంచుకోండి. మెడికేరు ఉందిగా అనుకోకండి. షిప్పు అమెరికా రేవులో ఉన్నప్పుడో, రేవుకి ఆరు గంటల దూరం లోపల ఉన్నప్పుడో తప్ప షిప్పు డాక్టరు బిల్లు మెడికేరు కట్టదు. ప్రయాణపు ఇన్సూరెన్సు రెండు వారాల తేదీలకీ కలిపి తీసుకోండి. ఇంటర్నెట్ ప్యాకేజీలూ అవీ సాధారణంగా ఏ వారానికావారం కొనాలి. సిబ్బందికి టిప్పులు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా వాళ్ళే లెక్కలో వేస్తారు, ఇద్దరికి రెండు వారాలకి సుమారు 500. అది తీయించేసుకునేవాళ్ళు కొందరుంటారు. ఆ శనివారం చూశాక నాకు వాళ్ళతో మాట్లాడబుద్ధి కావట్లేదు.

అమ్మానాన్నల్ని ఇండియా నుంచి పిలిపించి తీసుకెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. మధ్యలో వచ్చే శనివారం కూడా అమెరికాలోకి ప్రవేశమే. అంటే రెండు వారాల్లో రెండుసార్లు ప్రవేశం. వీసా ఎన్నిసార్లు రావడానికి చెల్లుతుందో, ఐ-94 తేదీ ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్టుకి ఏ దీవి వీసా అడుగుతుందో టిక్కెట్టు కొనే ముందే కనుక్కోవాలి. హెచ్-1 మీద ఉండి స్టాంపింగు గడువు దాటిన పిల్లలు లాయరుని అడక్కుండా ఓడ ఎక్కొద్దు.

సామాను సర్దే రాత్రి, మేం తెచ్చుకున్న ఆవకాయల్లో సీలు తియ్యని సీసా ఒకటి మిగిలింది. దాన్ని ఆ అబ్బాయికి ఇచ్చి, వాళ్ళావిడ ఫోన్ నెంబరు పుచ్చుకుంది మా ఆవిడ. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న మా వంటింట్లోంచి శ్రీకాకుళానికి ఫోను. పాపకి బోర్లాపడ్డం వచ్చిందట, ఉగ్గు పెడుతున్నారట. ఏప్రిల్ మూడో శనివారం ఆ అబ్బాయి ఓడ దిగుతాడు. మన అసోసియేషన్ పంచిన కేలండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.